త్రివర్గము: పరస్పర పీడా పరిహారము

కురుక్షేత్ర సంగ్రామానంతరము ధర్మరాజు రాజ్యమును విడిచి వనములకేగ దలచెను. భీష్ముడు ఆపద్ధర్మములను బోధించి మౌనము వహించినపుడు, అతడు గృహమునకేగి విదురుని, తమ్ములను ప్రశ్నించెను: ధర్మార్థకామములలో ఏది శ్రేష్ఠము? ఇది శాంతిపర్వ కథ.

విదురుడు ధర్మమనెను. అర్జునుడు కృషి వాణిజ్య గోరక్షణములను చూపి అర్థమనెను. మాద్రీసుతులు ధర్మయుక్తమైన అర్థమును కోరిరి. భీముడు కామమును పట్టుకొనెను; కోరికయే లేనివాడు తపస్సునకైనను పూనుకొనడు గదా! అయినను ఒక్కదానినే సేవించువాడు అధముడనియు, మూడింటియందును నిరతుడు ఉత్తముడనియు తేల్చినవాడు ఆ భీముడే. అతనిని కేవలము భోజనప్రియునిగా చూచువారు ఈ మాటను మరతురు.

ధర్మము ఎంత అధికమైనను దోషము లేదని ఆస్తికులు సహజముగా తలతురు. సభాపర్వమున నారదుడు అట్లు తలపలేదు. అర్థముచే ధర్మమునకేగాక, ధర్మముచే అర్థమునకును బాధ కలుగుట లేదు గదా యని యుధిష్ఠిరునే అడిగెను. అయోధ్యాకాండలో శ్రీరాముడు భరతుని అడిగినదియు ఇదియే. కోశమంతయు యజ్ఞదానములకే వెచ్చించిన రాజునకు సేనను పోషించు శక్తి యుండదు. రక్షణ లేనిచోట యజ్ఞమును సాగదు.

1909లో శామశాస్త్రి మైసూరున ముద్రించిన కౌటిలీయ అర్థశాస్త్రమున ఈ విచారము మరింత సూక్ష్మము. మూడింటిలో ఏది అతిసేవితమైనను తన్ను, తక్కిన రెంటిని పీడించునని ప్రథమాధికరణము చెప్పును. వెంటనే అర్థమే ప్రధానమనియు చెప్పును! ఇది విరోధము కాదు. ధర్మకామములకు అర్థము మూలమని ఆయన చూపిన హేతువు. మూలమగుట వేరు, పరమఫలమగుట వేరు. తొమ్మిదవ అధికరణమున లాభములకు అర్థము, ధర్మము, కామము అను క్రమమును, నివారింపదగిన వానికి అనర్థము, అధర్మము, శోకము అను క్రమమును విధించెను.

వాత్స్యాయనుడు ధర్మమునే ముందుంచెను. రాజునకు మాత్రము అర్థమును ముందుంచెను. అధికారిభేదమున క్రమభేదమన్నమాట. మూడింటిని, రెంటిని, తుదకు ఒక్కదానిని సాధించు కార్యమునైనను చేయవచ్చును గాని, ఒకటి సాధించి రెంటిని చెరచుదానిని చేయరాదని ఆయన నిషేధము. క్రమము కంటె ఈ నిషేధమే గృహస్థునకు నిత్యము అక్కరకు వచ్చునది.

ఇక యుధిష్ఠిరుడు. అందరి వాదములను విని అతడు మోక్షమును ప్రశంసించెను. అయినను వనములకు పోలేదు. మరల భీష్ముని చేరి ధర్మములను అడుగసాగెను.