దుడుకు వయస్సు, ఖైదు సంవత్సరాలు: ఫిఖ్హ్ చరిత్రలో ఒక పరిశీలన

అజాగ్రత్త వల్లనో, దుడుకుతనం వల్లనో ఒకరి ప్రాణం తీసిన యువకుణ్ణి ఎన్ని సంవత్సరాలు జైలులో ఉంచాలి? మన దేశంలో ఈ ప్రశ్న ఎక్కువగా వాహన ప్రమాదాల సందర్భంలో తలెత్తుతున్నది. భారత శిక్షాస్మృతిలో 1870లో చేర్చిన 304-ఎ సెక్షన్ ఇటువంటి మరణానికి గరిష్ఠ శిక్ష 2 సంవత్సరాలని నిర్ణయించింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత దానిని 5 సంవత్సరాలకు పెంచింది. ఇది మరీ కఠినమని కొందరు, ఇదీ చాలదని కొందరు అంటున్నారు. వాదించేవారు ఎవరైనా శిక్షను ఖైదు కాలంతోనే కొలుస్తున్నారు. ఈ కొలత మన న్యాయస్థానాలకు ఎప్పుడు, ఎలా వచ్చిందో తెలుసుకోవటం అవసరం.

ఇస్లామీయ ధర్మశాస్త్రవేత్తలు ముందుగా వయస్సును విచారించారు. బాలుడు యుక్తవయస్కుడయ్యేవరకు అతనిపై బాధ్యత వ్రాయబడదని దైవప్రవక్త (స) బోధించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (ర)కు 14 ఏళ్ళప్పుడు, 625లో, ఉహద్ యుద్ధంలో పాల్గొనటానికి అనుమతి లభించలేదు. 15 ఏళ్ళప్పుడు, 627లో, కందక యుద్ధానికి అనుమతి లభించింది. ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (717-720) ఈ ఉదంతాన్ని విని, బాల్యానికీ యౌవనానికీ ఇదే హద్దు అని తన అధికారులకు వ్రాశారు. శారీరక లక్షణాలు కనిపించని పక్షంలో ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) బాలురకు ఈ హద్దును 18 వరకు పొడిగించారు. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ మాత్రం 15నే గ్రహించారు. గురుశిష్యుల మధ్యనే ఈ భేదం ఉండటాన్ని బట్టి, ఆ పండితులు ఈ సమస్యను ఎంత సునిశితంగా చర్చించారో ఊహించవచ్చు.

రెండవది ఉద్దేశం. పొరపాటున జరిగిన హత్యకు ప్రాణానికి ప్రాణం లేదు. దివ్య ఖుర్ఆన్ నాలుగవ సూరా, 92వ ఆయత్ ప్రకారం మృతుని కుటుంబానికి రక్త పరిహారం (దియత్) చెల్లించాలి. హంతకుడు ప్రాయశ్చిత్తంగా ఒక బానిసను విముక్తి చేయాలి. అది సాధ్యం కాకపోతే ఎడతెగకుండా రెండు మాసాలు ఉపవాసం ఉండాలి. పరిహారం 100 ఒంటెలు. దానిని అతనొక్కడే భరించడు. అతని బంధువర్గం, లేదా సైనిక పట్టికలో అతనితో కలిసి నమోదైనవారు, 3 సంవత్సరాలలో చెల్లిస్తారు. వీరినే ఆఖిలా అంటారు. హనఫీ మతంలో ఒక్కొక్కరి వాటా 3 లేక 4 దిర్హములకు మించదు.

చేసినవాడు ఒకడైతే చెల్లించేవారు వేరొకరా అనే సందేహం సహజం. 1197లో మరణించిన మర్గీనానీ తన 'హిదాయా' గ్రంథంలో దీనికి సమాధానం ఇచ్చారు. మనిషి అజాగ్రత్తగా ప్రవర్తించేది వెనుక తనవారి అండ ఉన్నదనే ధీమాతోనే. అతన్ని అదుపులో పెట్టకపోవటం వారి లోపం కూడా అని ఆయన భావం. తండ్రి కొనిచ్చిన వాహనంపై వేగంగా వెళ్ళే కుర్రవాణ్ణి చూసినవారికి ఈ మాట పాతబడినదిగా తోచదు.

కారాగారం కూడా ఆ చరిత్రలో ఉన్నది. మక్కాలో సఫ్వాన్ బిన్ ఉమయ్యా ఇంటిని హజ్రత్ ఉమర్ (ర) కాలంలో 4000 దిర్హములకు కొని బందీఖానా చేశారు. అయితే అందులో ఉన్న ప్రమాదాన్ని ఖాజీ అబూ యూసుఫ్ (మరణం 798) గుర్తించారు. ఖలీఫా హారూన్ రషీద్ కోసం వ్రాసిన 'కితాబుల్ ఖరాజ్'లో, ఖైదీలను సంకెళ్ళతో బజారుకు తెచ్చి భిక్షమెత్తించటాన్ని ఆయన తీవ్రంగా నిరసించారు. నెలకు 10 దిర్హముల భత్యం, వేసవికీ శీతకాలానికీ దుస్తులు ఇవ్వాలనీ, ఖైదీల వ్యవహారాన్ని అధికారులు నిత్యం పరిశీలించాలనీ కోరారు. పశ్చాత్తాపం కనిపించేవరకు అని గడువు లేకుండా బంధించే పద్ధతి ఉన్నచోట ఈ హెచ్చరిక ఎంత అవసరమో చెప్పనక్కరలేదు.

ఖతీబ్ బగ్దాదీ (మరణం 1071) తన చరిత్రలో ఒక ఉదంతం పొందుపరిచారు. కూఫాలో ఇమామ్ అబూ హనీఫా పొరుగున చెప్పులు కుట్టే యువకుడొకడు ఉండేవాడు. రాత్రిళ్ళు తాగి, తనవారు తనను పోగొట్టుకున్నారనే భావం గల పాట పాడేవాడు. ఒక రాత్రి ఆ గొంతు వినిపించలేదు. గస్తీవారు అతన్ని బంధించారని తెలిసి, ఇమామ్ స్వయంగా నగర పాలకుని వద్దకు వెళ్ళి విడిపించారు. దారిలో, మేము నిన్ను పోగొట్టుకున్నామా అని అడిగారు. యువకుడు సిగ్గుపడి ఆ అలవాటు మానుకున్నాడు. అక్కడ ప్రాణం పోలేదు గనుక దానిని నేటి కేసులతో సమానం చేయలేము. కాని యువకునికి పూచీపడే పెద్దమనిషి ఉండటం శిక్ష చేయలేని పని చేసిందన్నది గమనార్హం.

ఈ వ్యవస్థ మన దేశంలో ఎలా మారింది? ఈస్టిండియా కంపెనీ కోర్టులు మొదట ఇస్లామీయ నేరశాస్త్రాన్నే అనుసరించాయి. హామిల్టన్ చేసిన 'హిదాయా' ఆంగ్లానువాదం 1791లో వెలువడింది. కాని 1790లోనే కారన్‌వాలిస్ హత్య కేసులలో వారసుల క్షమాపణ హక్కును తొలగించాడు. 1791లో అంగచ్ఛేదానికి బదులు ఖైదు వచ్చింది: ఒక అంగానికి 7 సంవత్సరాలు, రెండింటికి 14. ఆ దశాబ్దంలోనే రక్త పరిహారానికి బదులుగా కూడా ఖైదు విధించసాగారు. అంగచ్ఛేదం పోవటం మంచిదే. అయితే దియత్ స్థానంలో ఖైదు రావటంతో మృతుని కుటుంబం న్యాయస్థానంలో హక్కుదారు స్థానం నుండి సాక్షి స్థానానికి దిగిపోయింది. 1862 జనవరి 1న శిక్షాస్మృతి అమలులోకి రావటంతో ఈ మార్పు స్థిరపడింది.

తరువాతి చట్టాలు పోయినదానిని ముక్కలుగా తిరిగి తెచ్చాయి. 1920 నాటి మద్రాసు బాలల చట్టం పిల్లలను పెద్దల జైళ్ళ నుండి వేరుచేసింది. 1958 నాటి ప్రొబేషన్ చట్టం 21 ఏళ్ళలోపు వారిని ఖైదుకు పంపే ముందు కారణం చూపమన్నది. ప్రమాద బాధితులకు పరిహారం ఇప్పించే ట్రిబ్యునళ్ళు ఏర్పడ్డాయి. 2019 సవరణ, మైనరు వాహనం నడిపి నేరం చేస్తే సంరక్షకునికి 3 సంవత్సరాల వరకు ఖైదు, 25,000 రూపాయల జరిమానా విధించింది. మర్గీనానీ చెప్పిన లోపమే ఇక్కడ మరో రూపంలో కనిపిస్తుంది.

ధనవంతుడు డబ్బుతో ప్రాణాన్ని కొనుక్కోడా అని బిడ్డను పోగొట్టుకున్న తల్లి అడిగితే, ఆ ప్రశ్నను తేలికగా తీసివేయకూడదు. అందుకే ఫిఖ్హ్ కేవలం ధనంతో ఆగలేదు. రెండు మాసాల ఉపవాసాన్ని అతని బదులు ఎవరూ ఆచరించలేరు. పదే పదే నేరం చేసేవానిని తన విచక్షణ మేరకు దండించే అధికారం (తఅజీర్) ఖాజీకి ఉన్నది.

కాబట్టి 2 ఏళ్ళా, 5 ఏళ్ళా అనేది అసంపూర్ణమైన ప్రశ్న. పోషకుణ్ణి కోల్పోయిన ఇంటికి ఏమీ దక్కకుండా, యువకుడు తన తప్పును ఎదుర్కోకుండా గడిచే 5 సంవత్సరాలు అతనికి కఠినం, బాధితులకు నిష్ప్రయోజనం. బాధితునికి ఏమి అందింది, నేరస్థుడు స్వయంగా ఏమి భరించాడు, అతని పెద్దలు దేనికి పూచీపడ్డారు అనే మూడు విషయాలు తేలిన తరువాతనే ఖైదు ఎంతకాలమన్నది నిర్ణయించటం న్యాయం.