‘ముసల్లస్’ తెలియని పిల్లవాడి లెక్క

వేములవాడ పక్కనున్న హనుమాజీపేటలో 1931లో పుట్టిన కవి సి. నారాయణరెడ్డి (సినారె) వీధిబడి దాటగానే ఉర్దూలోకి మారాల్సి వచ్చింది. సిరిసిల్ల, కరీంనగర్ బడుల్లోనే కాదు, ఉస్మానియాలో బి.ఎ. దాకా ఆయన చదువంతా ఉర్దూ మాధ్యమమే. నిజాం రాజ్యంలో దాదాపు సగం మందిది తెలుగు, ఉర్దూ ఇంటిభాషగా ఉన్నవాళ్లు సుమారు పదోవంతు. అయినా పై చదువుకూ, కచేరీ కొలువుకూ దారి ఉర్దూదే. త్రిభుజం చక్కగా గీయగల పిల్లవాడైనా ‘ముసల్లస్’ అంటే అదేననీ, ‘జావియా’ అంటే కోణమనీ తెలియకపోతే చేతులెత్తేయాల్సిందే. తెలియనిది భాష, పోయేది లెక్కల మార్కు. ఆ తేడా మార్కుల పట్టీలో ఎక్కడా కనబడదు.

అలాగని ఉస్మానియాను ఆడిపోసుకోవడం న్యాయం కాదు. ఇంగ్లీషు రాజ్యమేలుతున్న 1918 నాటికి దేశభాషలో విశ్వవిద్యాలయం నడపడం సాహసమే. పాఠ్యగ్రంథాల కోసం అనువాద శాఖనే పెట్టారు. అయితే ఉర్దూ వింటూ పెరిగిన నగరవాసికి తగ్గిన బరువు తెలుగు పల్లె పిల్లల నెత్తిన అట్లాగే ఉండిపోయింది. అందరికీ ఒకటే ప్రశ్నపత్రం కదా, పక్షపాతమెక్కడ అనవచ్చు. పత్రం ఒకటే; దాన్ని అర్థం చేసుకోవడానికి పడే పాట్లు ఒకటి కావు. సినారె నెగ్గలేదా, 1988 జ్ఞానపీఠం అందుకోలేదా అనేవాళ్లూ ఉంటారు. ఏటికి ఎదురీదినవాణ్ని చూపించి ఏరే లేదంటే ఎలా? మధ్యలో బడి మానేసి మగ్గమో నాగలో పట్టినవాళ్ల పేర్లు చరిత్రకెక్కలేదు. చదివేవాడి భాషను పట్టించుకున్న ఉదాహరణా ఈ కరీంనగర్ సీమలోనే ఉంది. వెయ్యేళ్ల కిందట, వేములవాడ చాళుక్యుల కాలంలో, కురిక్యాల గుట్టమీద జినవల్లభుడు వేయించిన శాసనం సంస్కృత, కన్నడ, తెలుగు భాషలు మూడింటిలోనూ ఉంది. చదివేవాడికి అందాలంటే శ్రమ పడాల్సింది రాసేవాడేనన్న ఇంగితం అందులో కనిపిస్తుంది.

ఉర్దూ దిగిన పీట మీద ఇప్పుడు ఇంగ్లీషు కూర్చుంది. సివిల్స్ ప్రిలిమ్స్‌లో 2011లో వచ్చిన సీశాట్ అనే ఆప్టిట్యూడ్ పేపరు మీద అభ్యర్థులు రోడ్డెక్కాక, 2014లో అందులోని ఇంగ్లీషు ప్రశ్నల మార్కులను మెరిట్‌కు లెక్కించకుండా వదిలేశారు. తెలంగాణ సర్కారు బడుల్లో 2022లో ఇంగ్లీషు మీడియం మొదలైనప్పుడు పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు అచ్చువేశారు. మంచి పనే. ఇంగ్లీషు రాకుంటే కొలువెట్లా అన్న తల్లిదండ్రుల గుబులూ ఉత్తది కాదు. కాబట్టి ఇంగ్లీషు బాగా నేర్పాలి, ఇంగ్లీషు పేపర్లో గట్టిగానే పరీక్షించాలి. సైన్సు పేపరు మాత్రం సైన్సునే అడగాలి. ప్రతి ప్రశ్ననూ రెండు భాషల్లో ఇచ్చి, జవాబు ఏ భాషలో రాసినా దిద్దగలవాళ్లను పెట్టడం పరీక్ష పెట్టేవాళ్ల బాధ్యత.