కొలెస్ట్రాల్ పరీక్ష లేని చోట గుండెజబ్బు నివారణ: గోదావరి పల్లెల అనుభవం

1. ఉపోద్ఘాతం:

రక్తంలో కొలెస్ట్రాల్ కొలవడం నేటి పట్టణ వైద్యంలో సర్వసాధారణం. ప్రయోగశాల అందుబాటులో లేని పల్లెల్లో గుండెజబ్బు ముప్పును ఎలా అంచనా వేశారు? ఆ అంచనా చికిత్సగా ఎంతవరకు మారింది? ఈ ప్రశ్నలకు గోదావరి జిల్లాల అధ్యయనాలు ఆధారాలనిస్తున్నాయి. వాటిని చారిత్రక క్రమంలో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. ప్రయోగశాల నుంచి వైద్యుని గదికి:

1913లో రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ అనిచ్‌కోవ్ కుందేళ్లకు కొలెస్ట్రాల్ తినిపించి, వాటి ధమనుల్లో కొవ్వు పేరుకోవడాన్ని నిరూపించాడు. రక్తంలోని పదార్థాలను రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతులు ఆ కాలంలోనే బలపడ్డాయి. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించిన భాస్వరాన్ని కొలిచే పద్ధతి ఈ కోవలోనిదే. కొలెస్ట్రాల్‌ను కూడా చాలాకాలం రంగు మార్పు ఆధారంగానే కొలిచారు. 1948లో అమెరికాలో మొదలైన ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం రక్తపోటు, పొగతాగడంతోపాటు అధిక కొలెస్ట్రాల్‌ను ముప్పు కారకంగా గుర్తించింది. 1987లో లోవాస్టాటిన్‌కు అక్కడ అనుమతి లభించాక, వైద్యుని గదిలో ఈ పరీక్షకు ప్రాధాన్యం మరింత పెరిగింది.

3. మరణాల లెక్క:

సుబ్బారావు పుట్టిన గోదావరి ప్రాంతంలోనే 'ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య కార్యక్రమం' 45 గ్రామాల్లో మరణ కారణాలను సేకరించింది. ఆరోగ్య కార్యకర్తలు మృతుల కుటుంబాలను ప్రశ్నించి వివరాలు నమోదు చేశారు. 2006లో వెలువడిన ఫలితాల ప్రకారం 1,354 మరణాల్లో 32 శాతానికి రక్తప్రసరణ వ్యవస్థ వ్యాధులే కారణం. గుండెజబ్బు పట్టణ సంపన్నుల వ్యాధి అన్న భావనను ఈ లెక్క ప్రశ్నార్థకం చేసింది.

4. రక్తపరీక్ష లేని అంచనా:

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రచురించిన ముప్పు పట్టికలు రెండు విధాలు. ఒకదానికి కొలెస్ట్రాల్ విలువ కావాలి. రెండోది వయసు, స్త్రీపురుష భేదం, రక్తపోటు, పొగతాగే అలవాటు, మధుమేహం ఆధారంగానే ముప్పును అంచనా వేస్తుంది. ప్రయోగశాల లేని చోట రెండోదే ఆచరణసాధ్యం.

పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని 54 గ్రామాల్లో జరిగిన 'స్మార్ట్‌హెల్త్' ప్రయోగంలో ఆశా కార్యకర్తలు ట్యాబ్లెట్ సాయంతో ఇలాంటి అంచనా వేసి, ముప్పు ఎక్కువ ఉన్నవారిని వైద్యుల వద్దకు పంపారు. 2019లో వెలువడిన ఫలితాల్లో రక్తపోటు అదుపు విషయంలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. ముప్పును గుర్తించే పని ఊరి ముంగిటికి వచ్చినా, చికిత్స ఫలితం ఆ మేరకు మెరుగుపడలేదు.

5. ముగింపు:

గుర్తింపుకు, చికిత్సకు మధ్య మిగిలే ఈ దూరమే గోదావరి అనుభవం అందించే ప్రధాన పాఠం. రక్తపరీక్ష లేకుండానే ముప్పును గుర్తించవచ్చు. స్టాటిన్, రక్తపోటు మాత్రలు మాత్రం ఏళ్ల తరబడి వాడాలి. అందుకు మందుల నిరంతర సరఫరా, క్రమం తప్పని వైద్య పర్యవేక్షణ అవసరం.

ఈ ఫలితాలను తీరంలోని ఇతర ప్రాంతాలకు యథాతథంగా అన్వయించలేం. నిజాంపట్నం వంటి మత్స్యకార కేంద్రాల్లో మరబోటు వేటకు వెళ్లేవారు రోజుల తరబడి కడలిపైనే ఉంటారు. పరీక్ష శిబిరం నాటికి వారు ఒడ్డున ఉండకపోవచ్చు; మందులు అయిపోయే నాటికీ తిరిగి రాకపోవచ్చు. అందువల్ల వారి వృత్తి కాలపట్టికను పరిగణించని నివారణ పథకం ఫలించదు. ఆ దిశగా తీర గ్రామాల ఆరోగ్య చరిత్రను అధ్యయనం చేయవలసి ఉంది.