అజంతా లక్కపూత – ఆక్రిలిక్ రెసిన్: ఒక పరిశీలన

నాటి హైదరాబాదు సంస్థానంలోని అజంతాకు నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై 1920లో వచ్చిన ఇటలీ నిపుణులు చెక్కోని, ఒర్సీని పెచ్చులూడుతున్న కుడ్యచిత్రాలను గోడకు నిలబెట్టి, వాటిపై లక్కపూత వేశారు. తక్షణ రక్షణ లభించినా, కాలక్రమంలో ఆ పూత పసుపెక్కి వర్ణాలను మరుగుపరచింది. గట్టిపడిన ఆ పొరను తొలగించడం తరువాతి తరాలకు భారమైంది.

పారలాయిడ్ బి-72 అనే పారదర్శక ఆక్రిలిక్ రెసిన్ విలువ ఈ అనుభవం వల్ల స్పష్టమవుతుంది. ఇథైల్ మెథాక్రిలేట్, మిథైల్ ఆక్రిలేట్‌ల కలయికతో ఏర్పడిన ఈ పాలిమర్ త్వరగా పసుపెక్కదు; ఏళ్ల తరువాత కూడా అసిటోన్‌లో కరుగుతుంది. అయితే సుమారు 40 డిగ్రీల సెల్సియస్ వద్ద మెత్తబడుతుంది కనుక మన వేసవిలో జాగ్రత్త అవసరం. పూత ఎంత మెరుస్తుందన్నదానికన్నా, అవసరమైనప్పుడు చిత్రానికి హాని లేకుండా తొలగుతుందా అన్నదే పరిరక్షకుని తొలి ప్రశ్న కావాలి.