జూలియన్ విద్యాలయమున మాతీసు: ఒక విద్యార్థి ఆశాభంగము

కళాచరిత్రకారులు ప్రసిద్ధుల విజయములను వర్ణించినంతగా వారి విద్యార్థిదశలోని ఆశాభంగములను వర్ణింపరు. బోధనవృత్తియందున్న మనకు ఈ రెండవదియే యెక్కువ విచారణీయము. కావున ఆన్రీ మాతీసు (1869-1954) తొలిచదువు నిచట కొంత పరిశీలింతము.

మాతీసు న్యాయశాస్త్రము చదివి, ఒక న్యాయవాది కార్యాలయమున గుమాస్తాగా నుండెను. 1890లో జబ్బుపడి మంచము పట్టినపుడు తల్లి రంగులపెట్టె తెచ్చి యిచ్చెను. దానితో అతని జీవితమార్గమే మారెను. 1891లో, తండ్రికి సమ్మతము కాకున్నను, కొలువు విడిచి పారిస్ నగరమున జూలియన్ విద్యాలయము చేరెను.

రొడాల్ఫ్ జూలియన్ 1868లో నెలకొల్పిన యీ ప్రైవేటు విద్యాలయమునకు కొన్ని సుగుణములు లేకపోలేదు. ప్రభుత్వ కళాశాల 1897 వరకు స్త్రీలను చేర్చుకొనలేదు. జూలియన్ అంతకు చాల ముందే వారికి చోటిచ్చెను. అయినను ఆ కళాశాల ప్రవేశపరీక్షకు విద్యార్థులను సిద్ధపరచుట అచటి ముఖ్యకార్యములలో నొకటి.

మాతీసు కోరి చేరినది నాటి ప్రఖ్యాత చిత్రకారుడగు బూగరో శిష్యరికమున. లభించినవి మందలింపులు: బొగ్గుగీతను వ్రేలితో చెరుపుట తప్పు, దూరసామీప్యజ్ఞానము చాలదు. ఒకనాడు గురువు కర్మశాలకు పోగా, ఆయన మెప్పు పొందిన తన చిత్రమునకు తానే ప్రతి వ్రాయుచుండెను. శిష్యుని భక్తి సడలెను. 1892లో ప్రవేశపరీక్షయు తప్పెను.

తరువాత గుస్తావ్ మొరో అతనిని చేరదీసెను. మొరోయు ప్రభుత్వ కళాశాలాచార్యుడే. లూవ్రు ప్రదర్శనశాలలోని పూర్వుల చిత్రములకు ప్రతులు వ్రాయించినవాడే. 1895లో మాతీసు ఆ పరీక్షలో కృతార్థుడయ్యెను.

కావున పూర్వచిత్రముల అనుకరణమే మాతీసును విసిగించెనని చెప్పుట పొరపాటు. 1908లో తానే ఒక విద్యాలయమును తెరచినపుడు, తన్ను మించిన రంగులు పులిమిన శిష్యులను చూచి, గ్రీకుశిల్పపు అచ్చును ముందుంచి గీయుడని అతడు శాసించెను. ఆ విద్యాలయము 1911 వరకు మాత్రమే సాగెను.

మేము గ్రహించినది యిది: బూగరో దిద్దినది కాగితమును; మొరో చూచినది కాగితము వెనుకనున్న విద్యార్థిని. నియమ మిరువురిదియు నించుమించుగ నొక్కటియే. మన శిష్యుల వ్యాసములను దిద్దునపుడు ఈ భేదమును మరువరాదు.