కొల్లేటి ప్రాంత సంఘాల్లో సామాన్య విశ్వాసుల సేవ

సామాన్య విశ్వాసుల సేవ అంటే గురుపట్టం, నెలజీతం లేని విశ్వాసులు తమ సంఘం కోసం చేసే పని. కలిదిండి, కైకలూరు, ఆకివీడు మొదలుకొని నరసాపురం దాకా ఉన్న డెల్టా పల్లెల్లో క్రైస్తవ సంఘాలు నిలిచింది ఎక్కువగా ఈ సేవ మీదే.

1836లో మిషనరీ ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్ రాతిపనివాడు, జార్జి బీర్ చెప్పులు కుట్టేవాడు. ఇద్దరూ గురుపట్టం లేనివారే. నరసాపురం కేంద్రంగా వారు మొదలుపెట్టిన గోదావరి డెల్టా మిషన్ బ్రదరెన్ సంప్రదాయానికి చెందింది. ఆ సంఘాల్లో ఆదివారం రొట్టె విరిచే ఆరాధనను నేటికీ సహోదరులే నడుపుతారు.

1841లో హెన్రీ ఫాక్స్, రాబర్ట్ నోబుల్ మచిలీపట్నంలో చర్చి మిషనరీ సొసైటీ పని ప్రారంభించారు. నోబుల్ బడి పేరు తెచ్చుకుంది కానీ, పల్లెల్లో కదలిక తెచ్చినవాడు రాఘవాపురం మాలపల్లెకు చెందిన పగోలు వెంకయ్య. ఆయన 1859లో బెజవాడ వెళ్లి అక్కడి మిషనరీ డార్లింగ్ దొరను కలిసి, అదే ఏట బాప్తిస్మం పొందాడు. తర్వాత బంధువుల ఊళ్లు తిరిగి తన నోటితోనే సువార్త చెప్పాడు. కృష్ణా ప్రాంతంలో జనం గుంపులుగా క్రైస్తవులైన సామూహిక ఉద్యమానికి ఆద్యుడిగా మిషనరీల కంటే ముందు చెప్పుకోవలసిన పేరు ఆయనదే.

ఈ సేవను సంఘ క్రమంగా మలచినవాడు వి.ఎస్. అజరయ్య. 1909లో గురుపట్టం పొందేదాకా ఆయన కూడా వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా పనిచేసిన సామాన్య విశ్వాసే. 1912లో దోర్నకల్ బిషప్పు అయ్యాక, బాప్తిస్మం పొందినవారి చేత తమ తలమీదే చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే తమకు శ్రమేనని పలికించేవారు. స్త్రీలు వంటకు బియ్యం కొలిచేటప్పుడు పిడికెడు తీసి వేరే కుండలో వేసి, ఆదివారం గుడికి తెచ్చేవారు. కూలి చేసుకునే ఇల్లాలికి ఆ పిడికెడు చిన్న కానుక కాదు. పేదవాడు పుచ్చుకునేవాడే కాదు, ఇచ్చేవాడు కూడా అని అజరయ్య నమ్మి చేసి చూపించారు.

1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక కూడా ఒక్కో గురువు కింద పలు ఊళ్ల సంఘాలు ఉంటూ వచ్చాయి. గురువు వేరే ఊళ్లో ఉన్న ఆదివారం వాక్యం చదివేది సంఘ పెద్ద. పొద్దంతా చేపల చెరువుల మీద, వరి చేలల్లో పనిచేసి వచ్చి సాయంత్రం గృహ ప్రార్థన నడిపేవాళ్లు, సండే స్కూలు పిల్లలకు కంఠత వాక్యాలు నేర్పే అమ్మాయిలు, చావు ఇంట రాత్రంతా కీర్తనలు పాడే స్త్రీల మైత్రి సభ్యులు ఈ వరుసలోని వారే. జీతం ఇచ్చి చేయించినా ఈ పని ఇంత దగ్గరితనంతో జరగదు.

బాప్తిస్మపు రిజిస్టరులో గురువు సంతకం ఉంటుంది. ఆ కుటుంబాన్ని మొదట గుడికి తీసుకొచ్చిన మనిషి పేరుకు అందులో గడి లేదు. ఆ మనుషులను ఎరిగిన పెద్దలు ఉండగానే ప్రతి సంఘం వారి పేర్లను, వారు చేసిన పనిని రాసి భద్రపరచుకోవాలి.