ఒంటికన్ను గొర్రెపిల్ల నుంచి క్లోమం దాకా

2012 జనవరిలో అమెరికాలోని ఇన్ఫినిటీ ఫార్మాస్యూటికల్స్ సంస్థ ఒక మందు పరీక్షను నడిమధ్యలో ఆపేసింది. రోగులందరికీ ముదిరి పాకిన క్లోమ కాన్సర్. అందరికీ జెమ్‌సిటాబిన్ అనే కాన్సర్ మందు ఇచ్చారు. కొందరికి దానితోపాటు సారిడెగిబ్ అనే కొత్త మందు కూడా ఇచ్చారు. ఆ కొందరే ముందు చనిపోతున్నారు. ఎలుకల ఆయుష్షు పెంచిన మందు మనుషులను ఎందుకు కాపాడలేకపోయింది?

మొదటి ఆనవాలు ఐడహో కొండల్లో ఉంది. 1950ల్లో అక్కడి మందల్లో నుదుటి నడుమ ఒకే కన్నున్న గొర్రెపిల్లలు పుట్టేవి. వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వెతికి కారణం పట్టారు: చూలు నిలిచిన 14వ రోజు ప్రాంతంలో తల్లి తిన్న కార్న్ లిల్లీ మొక్క. అందులోని విషానికి సైక్లోపమైన్ అని పేరు పెట్టారు. అది పిండంలో దేన్ని దెబ్బతీస్తోందో మాత్రం అప్పటికి అంతుపట్టలేదు.

జవాబు ఈగల నుంచి వచ్చింది. 1980లో క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్‌హార్డ్, ఎరిక్ వీషౌస్ పండ్ల ఈగల్లో ఒక జన్యువును గుర్తించారు. అది చెడితే పిల్లపురుగు ఒంటినిండా ముళ్లే. అందుకే దాన్ని హెడ్జ్‌హాగ్ అన్నారు. అది తయారుచేసే ప్రోటీన్, ఏ కణం ఏమవ్వాలో పొరుగు కణాలకు చెప్పే సందేశం. 1996లో ఫిలిప్ బీచీ బృందం, ఎలుకల్లో ఆ కుటుంబానికే చెందిన సోనిక్ హెడ్జ్‌హాగ్ జన్యువును తీసేస్తే, పిండాలకు ఒకే కన్ను వచ్చింది. సైక్లోపమైన్ ఆపేది ఈ సందేశాన్నేనని 1998లో తేలింది.

పిండంలో క్లోమం మొలకెత్తే చోట ఈ ప్రోటీన్ మౌనంగా ఉండాలి. 2003లో మాత్రం క్లోమం, పిత్తనాళాల కణితుల్లో అది పుష్కలంగా కనబడింది. సైక్లోపమైన్ ఇస్తే ఎలుకల్లో కణితులు తగ్గాయి. దోషి దొరికిందనే అందరూ అనుకున్నారు.

నా దృష్టిలో అసలు మలుపు 2008లో జెనెన్‌టెక్ పరిశోధకులు చూపినదే. సందేశం పంపేది కాన్సర్ కణం, అందుకునేది దాని చుట్టూ పేరుకున్న పీచు కణజాలం. క్లోమ కణితిలో, పిత్తనాళపు కణితిలో కూడా, ఈ పీచుభాగం చాలా దట్టం. మందు లోపలికి చేరకుండా అడ్డుకునే గోడ ఇదేనని, కూల్చేస్తే చాలని 2009 నాటి ఎలుకల ప్రయోగం నమ్మించింది: సారిడెగిబ్‌తో ఈ సందేశాన్ని ఆపితే పీచు పలచబడింది, జెమ్‌సిటాబిన్ లోపలికి వెళ్లింది.

ఆ నమ్మకంతోనే మనుషుల దాకా వచ్చారు. విచిత్రమేమిటంటే, పరీక్ష ఆగిన 2012 జనవరిలోనే ఇదే సందేశాన్ని అడ్డుకునే విస్మోడెగిబ్‌కు ఒక రకం చర్మ కాన్సర్‌పై వాడుకకు అనుమతి వచ్చింది. అక్కడ లోపం కాన్సర్ కణంలోనే ఉంటుంది, మందు నేరుగా దానికే తగులుతుంది. క్లోమంలో దెబ్బ తగిలింది పొరుగుకి.

2014లో మరో ఎలుకల ప్రయోగం ముడి చాలావరకు విప్పింది. క్లోమంలో సోనిక్ హెడ్జ్‌హాగ్ తీసేస్తే పీచు తగ్గింది, కానీ కణితులు మరింత ఉగ్రంగా మారాయి. రక్తనాళాలు పెరిగాయి, వ్యాప్తి హెచ్చింది. సారిడెగిబ్‌ను చాలాకాలం ఇచ్చినా అదే తీరు. ఆ గోడ మందును ఆపడమే కాదు, కాన్సర్‌ను కూడా కట్టడి చేస్తోంది. పైగా అలా రక్తనాళాలు పెరిగిన కణితులే, కొత్త రక్తనాళాలను అడ్డుకునే యాంటీబాడీకి లొంగాయి; ఆ ఎలుకలు ఎక్కువ కాలం బతికాయి.